పొలం వదిలినవాళ్లకు ఫ్యాక్టరీ మెట్టు తప్పనిసరా?

గోరువంక:
దక్షిణ కొరియాలో 1963లో పనిచేసేవాళ్లలో సుమారు 63 శాతం వ్యవసాయంలోనే ఉండేవాళ్లు. ఇప్పుడు 5 శాతం దాకా ఉంటారేమో అంతే. మధ్యలో వాళ్లను ఆదుకున్నది ఫ్యాక్టరీలు. ఈ మధ్య చాలామంది ఆ మెట్టు అక్కర్లేదు, నేరుగా సేవల రంగంలోకి, అంటే వ్యాపారం, రవాణా, సాఫ్ట్‌వేర్ లాంటి పనుల్లోకి దూకొచ్చు అంటున్నారు. నాకైతే నమ్మకం లేదు.

పాతలెక్క:
ఎందుకు దూకకూడదు? భారత్‌లో సగానికి పైగా ఆదాయం సేవలదే. పైగా మెషిన్లు వచ్చాక ఫ్యాక్టరీలు మునుపటంత మందిని తీసుకోవడం లేదు. పేద దేశాల్లో పరిశ్రమల ఉద్యోగాలు సరిగ్గా పెరగకముందే తగ్గుముఖం పడుతున్నాయని ఆర్థికవేత్త డానీ రోడ్రిక్ ఎప్పుడో చెప్పాడు.

గోరువంక:
ఆదాయం లెక్క వేరు, మనుషుల లెక్క వేరు సార్. అదే భారత్‌లో పనిచేసేవాళ్లలో వ్యవసాయం మీద ఆధారపడ్డవాళ్లు 2018-19లో 42.5 శాతం, 2023-24లో 46.1 శాతం. కోవిడ్ అప్పుడు పొలాలకు తిరిగొచ్చినవాళ్లలో చాలామందికి మళ్లీ బయట చోటు దొరకలేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీ డిగ్రీ అడుగుతుంది. కుట్టు ఫ్యాక్టరీ అడగదు. లైన్లో ఒకరికి రోజంతా కాలర్ అతకడమే పని, పక్కవాళ్లకు జేబులు. బడి మధ్యలో మానేసినా కొన్ని వారాల్లో చేయి తిరుగుతుంది. బంగ్లాదేశ్‌లో లక్షలాది మంది ఆడవాళ్లకు తొలి జీతం అలాగే వచ్చింది. ఆ జీతాలు ఏ మూలకని మీరు అడగొచ్చు, అది వేరే గొడవ.

మిరపతోట:
ఇద్దరూ రంగాల పేర్ల దగ్గరే ఆగిపోయారు. నలుగురు చాలే పొలంలో ఆరుగురు ఉంటే, ఇద్దరు వెళ్లిపోయినా పంట తగ్గదు. ఆర్థికవేత్త ఆర్థర్ లూయిస్ 1954లో చెప్పింది దాదాపు ఇదే. ఆ ఇద్దరూ పట్నం వచ్చి, అప్పటికే నాలుగు తోపుడుబళ్లున్న వీధిలో ఇంకో రెండు పెట్టారనుకోండి. కొనేవాళ్లు పెరగరు, ఉన్న బేరాన్నే ఆరుగురూ పంచుకోవాలి. సర్వేలో మాత్రం ఇద్దరు వ్యవసాయం నుంచి సేవలకు మారినట్టు పడుతుంది! మనిషికి వచ్చే రాబడి పెరిగిందా లేదా అన్నది చూడకుండా ఈ శాతాలతో ఏం తేలుతుంది?

పాతలెక్క:
ఒప్పుకుంటాను, కానీ సేవలన్నీ తోపుడుబళ్లు కావు. లారీ నడపడం, ఏసీ రిపేరు, ఆసుపత్రిలో రోగుల్ని చూసుకోవడం లాంటి వాటికి డిగ్రీ అక్కర్లేదు, పని వచ్చేకొద్దీ జీతమూ పెరుగుతుంది.

గోరువంక:
చొక్కాలైతే బయటి దేశాలకు అమ్మొచ్చు. ఏసీ రిపేరు ఊళ్లోవాళ్లే చేయించుకోవాలి. వాళ్ల చేతికి డబ్బెలా వస్తుంది?

మిరపతోట:
పొలంలో ఉండిపోయిన ఆ నలుగురి రాబడి పెరిగినా వస్తుంది కదండీ. మీరిద్దరూ వెళ్లినవాళ్ల గురించే మాట్లాడుతున్నారు.