పైపుతో కొట్టే జపాన్ దొంగ ఆట, ఎవరైనా ఆడారా?

కంటోన్మెంట్_కుర్రోడు (విజయనగరం):
మా తమ్ముడు ఆన్‌లైన్‌లో వేల గేములున్న చిన్న డబ్బా ఒకటి కొన్నాడు, దాంట్లో ముస్తఫా అనే పాత వీడియో గేమ్ కోసం వెతుకుతుంటే ఇది తగిలింది. మిస్టర్ గోయెమాన్, కొనామి, 1986. జుట్టు ఇంతెత్తున లేచినోడు పొడుగాటి పొగ గొట్టం పట్టుకుని కుడివైపు పోతుంటాడు, రెండు పక్కల నుంచీ జనం మీద పడుతుంటారు, నేనైతే మొదటి స్టేజీ దాటట్లేదు. ఎవడీ గోయెమాన్, నిజంగా ఉన్నోడేనా? కత్తి వదిలేసి పైపు ఏటి గురూ? యూట్యూబ్‌లో ఇదే పేరుతో వేరేలా ఉన్న ఆట కూడా కనిపించింది, రెండూ ఒకటేనా?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం):
ఉన్నోడే. ఇషికావా గోయెమాన్, పదహారో శతాబ్దం దొంగ. 1594లో అప్పటి జపాన్ పాలకుడు హిదెయోషి హయాంలో క్యోటోలో నలుగురూ చూస్తుండగా సలసల కాగే పెద్ద బాణలిలో వేసి చంపారు. అప్పట్లో జపాన్‌లో ఉన్న ఒక స్పెయిన్ వ్యాపారి రాతల్లో కూడా ఈ శిక్ష ఉంది. ఉన్నోళ్ళని దోచి లేనోళ్ళకి పెట్టాడన్నది తర్వాత జనం అల్లుకున్నదే ఎక్కువ.

అయితే కొనామి తీసుకున్నది ఆ మనిషిని కాదు, కబుకి అనే జపాన్ సంప్రదాయ నాటకాల్లో వేషాన్ని. 1778లో ఒసాకాలో ఆడిన ఒక నాటకంలో గోయెమాన్ నాన్జెన్‌జీ గుడి పెద్ద గేటు ఎక్కి కూర్చుని, ఇంత పొడవు వెండి పైపు పీలుస్తూ పూలు చూస్తుంటాడు, నీ ఆటలో ఆ జుట్టూ ఆ పైపూ అక్కడివే. తమాషా ఏంటంటే ఇప్పుడున్న ఆ గేటు కట్టింది 1628లో, అంటే వాడు పోయిన 34 ఏళ్ళకి! నాటకం వాళ్ళకి ఇవన్నీ ఎందుకులే.

పలాస_జీడిపప్పు:
అడ్డపొగ పీల్చే మన ముసలమ్మల్ని హీరోలుగా పెట్టి ఎవరూ గేమ్ తియ్యలేదు, అదీ నా బాధ.

సరే విషయానికొస్తే, ఇది కొనామి వాళ్ళదే 1985 గేమ్ గ్రీన్ బెరెట్ తరహా సర్క్యూట్ బోర్డు మీద నడిచింది, పాత ఆర్కేడ్ (డబ్బులేసి ఆడే మెషీన్) ఆటల్ని కంప్యూటర్లో ఆడించే మేమ్ ప్రోగ్రామ్‌లో రెండూ ఒకే డ్రైవర్ కింద ఉంటాయి. ఆడితే నీకే తెలుస్తుంది, అందులో కత్తి, ఇందులో పైపు, రెండింటికీ అందేది జానెడు దూరమే. కాబట్టి శత్రువు మీదికొచ్చాక కాదు, వస్తుండగానే నొక్కెయ్, ఒక్కచోట నిలబడకు.

యూట్యూబ్‌ది ఫామికామ్ (నింటెండో వాళ్ళ ఇంట్లో ఆడుకునే గేమ్ మెషీన్) మీద వచ్చిన గంబరే గోయెమాన్ అయ్యుంటుంది, అదీ 1986దే, కానీ ఆట వేరు. వీధుల్లో అన్ని వైపులా తిరగొచ్చు, స్టేజీకి మూడు పాసులు సంపాదిస్తేనే ముందుకి వదుల్తారు. సిరీస్‌ని నిలబెట్టింది అదే, ఆర్కేడ్‌ది పది నిమిషాల సరదా అంతే. 1992లో సూపర్ నింటెండోకి ఇంగ్లీషులో వచ్చినప్పుడు మనోడి పేరు కిడ్ యింగ్ అని మార్చేశారు, అంత పేరున్న దొంగకి అదేం ఖర్మో.

కంటోన్మెంట్_కుర్రోడు:
ముందే నొక్కమన్నావు కదా, రెండో స్టేజీకి వచ్చేశాను గురూ. మా తమ్ముడు డబ్బా ఇచ్చెయ్యమని గోల.