డీ5 ఐసోటోనిక్కా, హైపోటోనిక్కా? 308 ఉన్న ఎన్‌ఎస్ ఐసోటోనిక్ ఎలా అవుతుంది?

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్, మొదటి ఏడాది

సిరలోకి ఎక్కించే ద్రవాల గురించి క్లాసు నోట్సులో పట్టిక ఇలా ఉంది (లీటరుకు మిల్లీఓస్మోల్స్, అంటే కరిగిన రేణువుల లెక్క): ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) సుమారు 290, ఎన్‌ఎస్ (నార్మల్ సెలైన్, 0.9% ఉప్పునీరు) 308, ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్) 273, డీ5 (5% గ్లూకోజ్) 278. మూడు బాటిళ్లూ ఐసోటోనిక్ (ప్లాస్మాతో సమానం) అని రాయించారు. లైబ్రరీ పుస్తకంలో మాత్రం డీ5 హైపోటోనిక్ (ప్లాస్మా కన్నా పలచన) అనీ, తలకు దెబ్బ తగిలినవాళ్లకు పెట్టకూడదనీ ఉంది. పైగా 308 అంటే ప్లాస్మా కన్నా ఎక్కువే కదా, ఎన్‌ఎస్‌ను హైపర్టోనిక్ అని ఎందుకు అనరు? బట్టీ పట్టమంటే పడతాను కానీ, ఎందుకో తెలిస్తే బాగుంటుంది.

జవాబు 1: ఫిజియాలజీ ట్యూటర్

పట్టికా తప్పు కాదు, పుస్తకమూ తప్పు కాదమ్మా. రెండు వేర్వేరు లెక్కల్ని ఒకే పేరుతో పిలవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఓస్మోలారిటీ అంటే లీటరులో ఎన్ని రేణువులు ఉన్నాయన్న లెక్క. అది బాటిల్‌కు సంబంధించినది. టోనిసిటీ అంటే ఆ ద్రవంలో పడిన కణం ఉబ్బుతుందా (హైపోటోనిక్), ముడుచుకుంటుందా (హైపర్టోనిక్), ఉన్నట్టే ఉంటుందా (ఐసోటోనిక్) అన్నది. అది కణం చెప్పే తీర్పు.

ముందు 308 సంగతి. ఎన్‌ఎస్ అంటే లీటరుకు 9 గ్రాముల ఉప్పు. 9ని ఉప్పు అణుభారం 58.5తో భాగిస్తే 0.154 మోల్, అంటే 154 మిల్లీమోల్స్. సోడియం 154, క్లోరైడ్ 154, కలిపితే 308. అయితే ఇది కాగితం లెక్క. ద్రావణంలో ఈ అయాన్లు ఒకదాన్నొకటి లాక్కుంటూ ఉంటాయి కాబట్టి పూర్తిగా విడివిడిగా పనిచేయవు. అందుకే 308ని సుమారు 0.93తో గుణించాలి. 286 వస్తుంది. ప్లాస్మాకు దాదాపు సమానం.

ఇక డీ5. లీటరుకు 50 గ్రాముల గ్లూకోజ్, దాని అణుభారం 180తో భాగిస్తే 278 మిల్లీమోల్స్. సీసాలో ఉన్నంతసేపూ అది ఐసోటోనిక్కే. సిరలోకి వెళ్లాక గ్లూకోజ్‌ను కణాలు లోపలికి తీసుకుని వాడేసుకుంటాయి, నీళ్లు మిగులుతాయి. అంటే చివరికి మనం ఎక్కించింది మంచినీళ్లే. ఆ నీళ్లు కణాల్లోకి వెళ్తాయి. మెదడు కణాలూ ఉబ్బుతాయి, పుర్రె సాగదు. తలకు దెబ్బ తగిలినప్పుడు వద్దనేది అందుకే. పరీక్షలో “సీసాలో ఐసోటోనిక్, శరీరంలో హైపోటోనిక్” అని రెండు ముక్కలూ రాయి.

మరి డీ5 బదులు నేరుగా స్టెరైల్ వాటర్ ఎక్కించకూడదా అని అడుగుతారు. ఎంతమాత్రం కూడదు. సూది దగ్గరే ఎర్రకణాలు పగిలిపోతాయి. నీళ్లు రక్తంలో కలిసేదాకా కణాల్ని కాపాడటానికే ఆ 50 గ్రాములు.

ల్యాబులో చూడాలంటే నాలుగు టెస్ట్‌ట్యూబులు చాలు. డిస్టిల్డ్ వాటర్, 0.9% ఉప్పు, 3% ఉప్పు, 1.8% యూరియా ఒక్కోటి 5 ఎం.ఎల్. పోసి, రెండేసి చుక్కల రక్తం కలిపి, పది నిమిషాలాగి, వెనక పేపరు ముక్క పెట్టండి. అక్షరాలు కనబడితే కణాలు పగిలినట్టు. మసకగా ఉంటే నిలిచినట్టు. నీళ్ల ట్యూబులో అక్షరాలు చక్కగా కనిపిస్తాయి. 3% ట్యూబు మసకగానే ఉంటుంది, కానీ మైక్రోస్కోపు కింద కణాలు ముడతలు పడి ముళ్లకాయల్లా ఉంటాయి. మాగాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగినట్టే, లోపలి నీరు బయటికి వచ్చేసింది. అసలు పాఠం యూరియా ట్యూబులో ఉంది. దాని ఓస్మోలారిటీ 300, అయినా కణాలు పగులుతాయి. యూరియా పొర దాటి లోపలికి పోతుంది, వెంట నీరూ పోతుంది. లెక్క సమానమైనా టోనిసిటీ సమానం కాలేదు.

జవాబు 2: ఐసీయూ స్టాఫ్ నర్సు

సార్ చెప్పినదానికి వార్డు లెక్క. 60 కిలోల మగమనిషిలో నీరు సుమారు 36 లీటర్లు: కణాల్లో 24, కణాల మధ్య 9, ప్లాస్మాలో 3. లీటరు ఎన్‌ఎస్ కణాల్లోకి పోదు, కాబట్టి పావు వంతు, 250 ఎం.ఎల్. రక్తనాళాల్లో నిలుస్తుంది. లీటరు డీ5 అన్నిచోట్లకీ పంచుకుపోతుంది, నాళాల్లో మిగిలేది 80 ఎం.ఎల్. చిల్లర. బీపీ పడిపోయిన పేషెంటుకు డీ5 ఎందుకు పెట్టరో ఇక వేరే చెప్పక్కర్లేదు. “నీరసంగా ఉంది, గ్లూకోజ్ బాటిల్ ఎక్కించండి” అంటారు చూడు, 500 ఎం.ఎల్. డీ5లో ఉండేది 25 గ్రాముల గ్లూకోజ్, వంద కేలరీలు. రెండు ఇడ్లీలు తింటే సరిపోతుంది.

రక్తం ఎక్కించే లైన్‌లో ఎన్‌ఎస్ ఒక్కటే. ఆర్‌ఎల్‌లో కాల్షియం ఉంది, బ్లడ్ బ్యాగులో రక్తం గడ్డకట్టకుండా వేసే సిట్రేట్‌తో కలిసి గడ్డలు కట్టొచ్చు. డీ5లో ఎర్రకణాలు పగులుతాయి, ఆ యూరియా ట్యూబు కథే.

చుక్కల దగ్గరా జాగ్రత్త. 500 ఎం.ఎల్. 4 గంటల్లో వెళ్లాలంటే 20 చుక్కల సెట్‌కి (ఎం.ఎల్.కు 20 చుక్కలు పడేది) 500×20÷240, నిమిషానికి 42. అదే 15 చుక్కల సెట్ అయితే 31. సెట్ ప్యాకెట్ చూడకుండా దీనికీ 42 పెట్టేస్తే మూడు గంటలకే బాటిల్ ఖాళీ. గుండె బలహీనంగా ఉన్న ముసలివాళ్లకు ఆ గంట తేడా ఆయాసం తెప్పిస్తుంది. డ్రిప్ చాంబర్ సగమే నింపు. పూర్తిగా నిండితే చుక్క కనబడదు.

ప్రశ్న అడిగినవారు

థాంక్యూ సార్, థాంక్యూ సిస్టర్. ఓఆర్‌ఎస్ (విరేచనాలప్పుడు తాగించే ఉప్పు, గ్లూకోజ్ ద్రావణం) ఓస్మోలారిటీ 245 అని చదివాను. ప్లాస్మా కన్నా తక్కువ కదా, దానివల్ల కణాలు ఉబ్బవా?

జవాబు 3: కమ్యూనిటీ హెల్త్ ట్యూటర్

అది సిరలోకి కాదు, పేగులోకి వెళ్తుంది. పేగు గోడలో సోడియం, గ్లూకోజ్ జంటగా లోపలికి వెళ్లే ద్వారం ఉంది, వాటి వెంట నీరు వెళ్తుంది. అందుకే రెండూ లీటరుకు 75 మిల్లీమోల్స్ చొప్పున సమంగా ఉంటాయి. పాత ఫార్ములా 311 ఉండేది. 2002లో డబ్ల్యూహెచ్‌ఓ, యూనిసెఫ్ దాన్ని 245కి తగ్గించాయి. పేగులో ద్రవం పలచగా ఉంటే నీరు లోపలికి లాగడం సులువు. చక్కెర దట్టించిన జ్యూసు తాగిస్తే తిరగబడుతుంది: నీరు పేగులోకే వచ్చి విరేచనాలు పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ ఒకరు ఏళ్ల తరబడి పోరాడింది ఇలాంటి తియ్యటి పానీయాల మీదే. 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) వాటి పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడొద్దంది.

లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. సగం ఇప్పుడు, సగం రేపు అంటే కుదరదు. పొడిలో ఉప్పూ గ్లూకోజూ సమంగా కలిసి ఉంటాయన్న నమ్మకం లేదు, ఒక సగంలో ఉప్పు ఎక్కువ పడొచ్చు.

జవాబు 4: ఐసీయూ స్టాఫ్ నర్సు

సమంగా కలవడం అంటే గుర్తొచ్చింది. పొటాషియం క్లోరైడ్ 15% ఆంప్యూల్, 10 ఎం.ఎల్.లో 20 మిల్లీఈక్వివలెంట్లు. నేరుగా సిరలోకి ఎప్పుడూ ఇవ్వకూడదు, గుండె ఆగుతుంది. బాటిల్‌లో కలిపినా ప్రమాదం ఉంది: అది బరువు, వేలాడుతున్న బాటిల్‌లో వేస్తే అడుగుకు దిగి మొదటి చుక్కల్లోనే చిక్కగా వెళ్లిపోతుంది. క్లాంప్ మూసి, బాటిల్ కిందికి దించి, మందు వేసి, పదిసార్లు తలకిందులు చేసి, లేబుల్ రాసి, అప్పుడు స్టాండుకి తగిలించు.