మన పాలమూరు పిల్లగాడి బ్లూస్ గిటారు: కచేరీకి పోయినోళ్లు, ఆల్బమ్ విన్నోళ్లు చెప్పండి

పాలమూరు_తీగ:
శనివారం రాత్రి మహబూబ్‌నగర్ల కచేరీకి పోయిన. ఏ కంపెనీ లేకుండ సొంత పైసలు పెట్టి తీసిన ఆల్బమ్, ఆరు పాటలు, అన్నీ తెలుగే. ఇంట్ల పదిసార్లు విన్న. అయినా ఆడ కూసున్నంక కొత్త పాట విన్నట్టే అయింది. "బొంబాయి బస్సు" అనే పాటల ఒక చరణం పాడి ఊకున్నడు, మిగిలిందంత గిటారే చెప్పింది. చిటికెన వేలికి గాజు గొట్టం తొడిగి తీగల మీద జార్చుకుంట పోయిండు. నా ముందు వరుసల ఒక పెద్దాయన కండువతోని కండ్లొత్తుకున్నడు. ఇంకెవరన్న వచ్చిన్రా?

నల్లగొండ_శ్రోత:
నాకు వీలు గాలేదు అన్నా. మిర్యాలగూడ బస్సుల ఆల్బమ్ విన్న. మూడో పాట దాక సాగదీసినట్టే అనిపించింది. ఒకటే లైను రెండుసార్లు ఎందుకు పాడుతున్నడో సమజ్ గాలే.

ఆరు_తీగలు:
బ్లూస్ పద్ధతే అది అక్కా. ఒక లైను, మళ్ల అదే లైను, మూడో దాంట్ల జవాబు. మూడు కార్డులతోనే (కార్డంటే ఒక్కసారి కలిసి మోగే స్వరాలు) 12 బార్లల (బారంటే నాలుగు దెబ్బల తాళం) చుట్టు తిరిగొస్తది. గొంతు ఆగిన జాగల గిటారు మాట్లాడాలె. అమెరికాల మిసిసిపి పత్తి చేన్లల్ల చాకిరి చేసిన నల్లజాతి కూలీల పాటలకెళ్లి పుట్టిన సంగీతం. ఆడి బ్లూస్ పాటగాడు రాబర్ట్ జాన్సన్ 1936, 1937ల రికార్డు చేసినవి 29 పాటలే, ఒక్క గొంతు, ఒక్క గిటారు. వింటే ఇద్దరు వాయిస్తున్నరా అనిపిస్తది. ముందు అవి విని ఈ ఆల్బమ్ పెట్టు.
గొట్టం సంగతి: దాంతోని తీగను నొక్కొద్దు, ఆనిస్తే చాలు. సరిగ్గ ఫ్రెట్ కమ్మీ (గిటారు మెడ మీద అడ్డంగ ఉండే ఇనుప గీత) మీదికే రావాలె. నేను ఆరు నెలలు నొక్కి నొక్కి టకటక చప్పుడే తెచ్చిన. తీగలు కొంచెం ఎత్తు లేపించినంక సాఫ్ అయింది.

నల్లగొండ_శ్రోత:
జవాబు అంటే ఇప్పుడు తెలిసింది తమ్మీ. మా అమ్మోళ్లు నాట్లేసేటప్పుడు ఒకామె ఎత్తుకుంటే మిగతోళ్లు అందుకుంటుండె. ఆల్బమ్ల ఆ అందుకునే గొంతునే ఎనుకకు నెట్టిన్రు. గిటారు చాన చిన్నగ వినొస్తుంది.

మైకు_సెట్టు:
నిజమే. వేలు జారిన గీకుడు, ఊపిరి, అన్నీ తుడిచేసిన్రు. అవి ఉంటేనే పాట మనిషి పాడినట్టుంటది. కచేరీల గూడ మొదట్ల స్పీకర్లు కీసుమన్నయి. బాక్సులు మైకుకెదురుంగ పెడితే అంతే, బోలు గిటారు ఆ చప్పుడంత పట్టుకుంటది. ముందుకు జరిపినంకనే సక్కగైంది. పెద్ద డీజే బాక్సులు ఈ పాటకొద్దు, చిన్న హాలు చాలు.

కిన్నెర_ఊరు:
నాగర్‌కర్నూల్ కెళ్లి రాస్తున్న. మొగులయ్యగారికి 2022ల పద్మశ్రీ వచ్చింది గదా, ఆయన 12 మెట్ల కిన్నెర మీద పెద్దోళ్లను దోచి పేదోళ్లకు పంచిన పండుగ సాయన్న కథ చెప్తుంటే గొంతు ఆగినకాడ కిన్నెరే పలుకుతది. ఈ పిల్లగాడు ఒక్కనాడన్న కిన్నెర పక్కన కూసోని వాయించాలె. నాకు మస్తు కోరిక.

వలస_కొడుకు:
ఆ కండువ పెద్దాయన మా నాయన. 20 ఏండ్లు బొంబాయిల కాంక్రీటు పని చేసిండు. నేను గుంజుకపోతే వచ్చిండు. ఇంటికొచ్చేటప్పుడు ఒకటే మాటన్నడు: "ఘాటెక్కేటప్పుడు బస్సు ఇట్లనే మూలుగుతుండె బిడ్డా."

పాలమూరు_తీగ:
తమ్మీ, ఆ పాట నా ఫోన్ల ఉన్నది, స్పీకర్ల కీసుతో సహా. ఆ పిల్లగాడినడిగి పంపిస్త. నాయనకు వినిపియ్యి.