సిలిండర్ పవర్ ఎక్కువగా ఉన్నవారికి ఏ కాంటాక్ట్ లెన్సు నప్పుతుంది?

ప్రశ్న

నమస్కారం. నా కళ్ళద్దాల పవర్‌లో రెండు కళ్ళకూ స్ఫియర్ (అన్ని దిశల్లో సమానంగా ఉండే పవర్) మైనస్ 6.00, సిలిండర్ (కంటి వంపు ఒక్కో దిశలో ఒక్కోలా ఉండే దోషాన్ని సరిచేసే పవర్) మైనస్ 4.00, యాక్సిస్ (ఆ సిలిండర్ దిశ, డిగ్రీల్లో) 180 ఉన్నాయి. దుకాణంలో దొరికిన టోరిక్ లెన్సులో (సిలిండర్ పవర్ కూడా ఉండే లెన్సు) సిలిండర్ 2.25 వరకే ఉండటంతో దానినే వాడి చూశాను. అక్షరాల వెంట నీడ కనిపిస్తోంది, రెప్ప వేసిన ప్రతిసారీ చూపు చెదిరి మళ్ళీ కుదురుకుంటోంది. పగలంతా కంప్యూటర్ పని, రాత్రిపూట బండి నడపాలి. మెత్తటి లెన్సులోనే ఎక్కువ పవర్ తెప్పించుకోవాలా, గట్టి లెన్సుకు మారాలా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1

నేను ఆప్టోమెట్రిస్టును. కళ్ళద్దం కంటికి సుమారు 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, లెన్సు కంటి మీదే ఉంటుంది. అందువల్ల లెక్క కడితే మీ స్ఫియర్ దాదాపు 5.50కి, సిలిండర్ 3.25 దగ్గరకు తగ్గుతాయి. అయినా 2.25 లెన్సుతో ఒక డయాప్టర్ (పవర్‌ను కొలిచే ప్రమాణం) మిగిలిపోతుంది కనుక నీడ కనిపించడం సహజమే. సిలిండర్ 5.75 వరకు ఉన్న నెలవారీ మెత్తటి లెన్సులు ఆర్డరు మీద తయారవుతాయి. అయితే అసలు చిక్కు లెన్సు తిరగడంలో ఉంది: 3.25 సిలిండర్ ఉన్న లెన్సు 10 డిగ్రీలు పక్కకు తిరిగినా ఒక డయాప్టరుకు పైగా దోషం మిగులుతుంది. లెన్సు అంచున ఉండే సన్నని గీత ఎటు, ఎంత తిరిగి నిలిచిందో కంటిని పెద్దదిగా చూపే స్లిట్ ల్యాంప్‌లో కొలిపించుకోండి. ఎప్పుడూ ఒకే చోట నిలుస్తుంటే యాక్సిస్ మార్చి సరిచేయవచ్చు. మీరు చెప్పినట్లు రెప్పపాటుకల్లా కదులుతుంటే మాత్రం ఆ మార్పు అక్కరకు రాదు, వేరే డిజైను చూడాలి.

జవాబు 2

రాత్రి బండి నడిపేవారు కనుక ఆర్‌జీపీ లెన్సును (ఆక్సిజన్ చొరబడే గట్టి లెన్సు) తప్పక పరీక్షించి చూడమంటాను. దాని కింద చేరే కన్నీటి పొర కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) వంపులోని తేడాను పూడ్చేస్తుంది కాబట్టి చూపు నిలకడగా ఉంటుంది. కానీ దోషం కార్నియాలో కాక కంటి లోపలి కటకంలో ఉంటే ఇది పనిచేయదు. కెరటోమెట్రీ (కార్నియా వంపు కొలిచే పరీక్ష) రీడింగులను అద్దాల పవర్‌తో పోల్చితే ఆ సంగతి తేలుతుంది. వంపు తేడా మరీ ఎక్కువైతే గుండ్రటి ఆర్‌జీపీ కుదురుగా కూర్చోదు, బైటోరిక్ (రెండు వైపులా టోరిక్ వంపు ఉన్న గట్టి లెన్సు) చేయించుకోవాలి. అలవాటు పడేవరకు గుచ్చుకుంటుంది, దుమ్ము పడితే ఓర్చుకోవడం కష్టం.

జవాబు 3

ఏది కొనే ముందైనా కార్నియల్ టోపోగ్రఫీ (కార్నియా వంపులను పటంలా చూపే పరీక్ష) చేయించుకోండి. సిలిండర్ ఏటా పెరుగుతున్నా, కళ్ళు నలిపే అలవాటున్నా కెరటోకోనస్ (కార్నియా పలచబడి శంకువులా ముందుకు ఉబ్బే జబ్బు) లేదని నిర్ధారించుకోవడం చాలా అవసరం. అది ఉంటే కార్నియాను తాకకుండా తెల్లగుడ్డు మీద ఆనే స్క్లీరల్ లెన్సు మేలు, హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థలో వాటిని అమరుస్తారు. ఏ లెన్సునైనా కుళాయి నీటితో మాత్రం కడగవద్దు, అందులో ఉండగల అకాంతమీబా అనే సూక్ష్మజీవి కార్నియాను దెబ్బతీయగలదు.