‘అడిగిన జీతం బియ్యని’ పద్యం ఎవరి పక్షాన ఉన్నది?

ప్రశ్న: రాయగడ నుంచి ఒక సభ్యురాలు

పెద్దలకు నమస్కారం. సుమతీ శతకంలోని ఈ పద్యం గురించి మీ అభిప్రాయం కోరుతున్నాను.

అడిగిన జీతం బియ్యని
మిడిమేలపు దొరను గొల్చి మిడుకుట కంటెన్
వడిగల యెద్దులఁ గట్టుక
మడి దున్నుక బ్రతుకవచ్చు మహిలో సుమతీ!

నేను గుణుపురం దగ్గర పుట్టి పెరిగినదానను. చదువంతా ఒడియాలో సాగింది. వచ్చిన నాలుగు తెలుగు పద్యాలూ మా తాతగారు నోటితో వల్లె వేయించినవే. ప్రస్తుతం రాయగడలో ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు రాస్తున్నాను. నా పక్క బల్ల దగ్గర కొత్తగా చేరిన అబ్బాయికి బిల్లులు ఎక్కించడం, మస్టరు (హాజరు పట్టీ) సరిచూడటం, నెలాఖరున పద్దులు ముగించడం నేనే నేర్పాను. జీతాల పట్టీ కూడా నా చేతి మీదుగానే పోతుంది కనుక, అదే పనికి అతనికి నాకంటే ఎక్కువ ఇస్తున్నారని తెలిసింది. మేనేజరు గారిని అడిగాను. ఆయనా తెలుగువారే కావడంతో నవ్వుతూ ఈ పద్యం మొత్తం చదివి, ‘నచ్చకపోతే మడి దున్నుకోవచ్చునని మన పూర్వులే అన్నారు కదమ్మా’ అని ఊరుకున్నారు.

పద్యానికి నిజంగా ఆ అర్థమేనా? ‘మిడిమేలపు’, ‘మిడుకుట’ అనే మాటలకు సరైన అర్థం ఏమిటి? చివరిది భాషకు సంబంధించిన సందేహం కాదని తెలిసే అడుగుతున్నాను: తక్కువ జీతం ఇస్తున్నప్పుడు ఆ మేరకు పని తగ్గించుకోవడం న్యాయమేనా?

సమాధానం: పర్లాకిమిడి నుంచి, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు

అమ్మా, మీ మేనేజరు గారు పద్యాన్ని తప్పు లేకుండా చదివి ఉంటే, తాము మిడిమేలపు దొరనని నలుగురిలో తామే ఒప్పుకున్నట్లు. ఈ పద్యంలో నింద అంతా కొలువు చేయించుకొనేవాడి మీదనే పడింది. కొలిచేవాడిని కవి ఒక్క మాట కూడా అనలేదు.

మిడిమేలము అంటే గర్వం, కన్నూ మిన్నూ కానని పొగరు. ఇప్పటి వాడుకలోని మిడిసిపాటు ఆ అర్థానికి దగ్గరగా ఉంటుంది. మిడుకుట అంటే బయటికి చెప్పుకోలేక లోలోపల బాధపడటం. కొల్చు అనే క్రియకు సేవించడం, కొలత వేయడం అనే అర్థాలు రెండూ ఉన్నాయి. ఇక్కడ సేవించడమే అయినా, పాలికాపుకు ఏడాది కష్టాన్ని కళ్లంలోనే కుంచంతో కొలిచి ఇచ్చిన కాలాన్ని చూసిన నాబోటివారికి రెండో అర్థం కూడా చెవిన పడక మానదు. ధాన్యం కొలిచేటప్పుడు కుంచం మీద రాశిగా నిలిచిన గింజలను అలాగే వదిలిపెడతారా, లేక అరచేతితో అంచు దాకా గీసి దులిపేస్తారా అని పాలికాపు రెప్ప వేయకుండా ఆ చేతినే చూస్తూ నిలబడేవాడు. పుచ్చుకొనే మనిషికి ఆ గీతతో పోయే గింజల లెక్క కచ్చితంగా తెలుసు. ఇచ్చే మనిషికీ తెలుసు.

ఇక ‘అడిగిన జీతంబు’ దగ్గర చిన్న చిక్కు ఉన్నది. ‘అడిగిన’ను జీతానికి విశేషణంగా తీసుకుంటే, పనివాడు ఎంత అడిగితే అంత ఇవ్వని దొర అని అర్థం వస్తుంది. అలా కాక, ‘అడిగినన్’ అనే రూపం చివరి నకారం, అంటే ద్రుతం, తరువాతి జకారం ముందు లోపించిందని తీసుకుంటే, రావలసిన జీతాన్ని అడిగినా ఇవ్వని దొర అని అర్థమవుతుంది. రెండింటిలోనూ ఛందస్సుకు భంగం లేదు. నా మొగ్గు రెండో దాని వైపు. నోటికి వచ్చినంత అడిగి, అంత ఇవ్వలేదని దొరను గర్వి అనడం నీతిశతకకారుడికి తగిన మాట కాదు. మాట ఇచ్చిన జీతాన్ని గుమ్మం చుట్టూ తిప్పించుకుంటూ ఎగవేసేవాడికైతే మిడిమేలపు దొర అన్న పేరు అతికినట్లు సరిపోతుంది.

ఇప్పుడు చివరి పాదంలోని క్రియను గమనించండి. ‘బ్రతుకవచ్చు’ అన్నాడే గాని ‘బ్రతుకవలయు’ అనలేదు. ఛందస్సు కోసం అలా అన్నాడని కొట్టివేయడానికి లేదు, ఎందుకంటే ఇదే శతకంలో, అక్కరకు రాని చుట్టాన్నీ, మ్రొక్కినా వరమియ్యని వేల్పునూ, యుద్ధంలో ఎక్కితే పారని గుర్రాన్నీ చెప్పిన పద్యంలో ‘గ్రక్కున విడువంగ వలయు’ అని తేల్చి చెప్పాడు. చుట్టాన్నీ, దేవుణ్ణీ, గుర్రాన్నీ వెంటనే వదిలేయమన్న కవి, దొర దగ్గరికి వచ్చేసరికి ‘వచ్చు’ అని ఆగాడు. వేల్పును వదులుకున్నంత తేలికగా కూడును వదులుకోలేమని ఆయనకు తెలుసునని నేను చదువుకుంటాను. మీ మేనేజరు గారు ఆ ‘వచ్చు’ను ‘పొమ్ము’గా మార్చేశారు. అనుమతిని ఆజ్ఞ చేయడం వ్యాకరణ దోషం మాత్రమే అయితే నేనింత రాయను.

అనుమతి కూడా అందరికీ ఇచ్చినది కాదు. వడిగల ఎద్దులు, దున్నుకోవడానికి మడి ఉన్నవాడికే ఆ దారి. జీతం అనే మాట వెనుక ఎంత బరువున్నదో చూడండి: తెలంగాణ పల్లెల్లో జీతం ఉండటమంటే ఏడాది పొడుగునా ఒక ఇంటికి కట్టుబడి ఉండటం, కన్నడంలో జీత అంటే వెట్టిచాకిరీయే. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం పేర్లు పెట్టి మరీ చెప్పిన పద్ధతుల్లో జీత, పాలేరు, వెట్టి మూడూ ఉన్నాయి. మీ రాయగడ 1992 వరకు పాత కోరాపుట్ జిల్లాలోనిదే. ఆ జిల్లాలో అప్పు తీరేదాకా షావుకారు పొలంలో చాకిరీ చేయించిన గోతి పద్ధతిని 1948లో రెగ్యులేషన్ తెచ్చి నిషేధించవలసి వచ్చింది. గోతిగా ఉన్న మనిషికి ఈ పద్యం వినిపిస్తే ఏమంటాడు? ఎద్దులు షావుకారువే, మడి షావుకారుదే, తానూ షావుకారుకే తాకట్టు. ఆడవారి సంగతి చెప్పనక్కరలేదు. ఉభాల రోజుల్లో మడిలో వంగి నాటేది వాళ్ళే అయినా, ఆ మడి పట్టా వాళ్ళ పేరున ఉన్న ఇళ్ళు మా వీధిలో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

అసలు మీ సమస్యకు ఈ పద్యం సరిపోదని కూడా చెప్పాలి. ఇందులో ఉన్నది ఇద్దరే: దొర, కొలిచేవాడు. మీ ఫిర్యాదులో మూడో మనిషి ఉన్నాడు. జీతం అందలేదని మీరు అనడం లేదు. పక్కవాడికి ఎక్కువ అందుతున్నదని అంటున్నారు. దీనికి తెలుగులో వేరే మాట ఎప్పటి నుంచో ఉన్నది. బంతిలో ఒకరి విస్తట్లో నెయ్యి ధారగా పోసి, పక్క విస్తటి దగ్గర గరిటె విదిలించి పోవడాన్ని పంక్తిభేదం అంటారు, ఆ చేసేవాడు వలపక్షం చూపాడంటారు. పెళ్ళిళ్ళలో దీని మీద జరిగినన్ని తగాదాలు కట్నాల మీద కూడా జరగలేదేమో. ఆ తగాదాల్లో ఎప్పుడూ నిలదీసేది గరిటె పట్టినవాడినే. నెయ్యి పడిన విస్తటి ముందు కూర్చున్నవాడిని ఎవరూ ఏమీ అనరు.

స్పందన: జయపురం నుంచి ఒక సభ్యుడు

మాస్టారి వ్యాకరణానికి నమస్కారం; వ్యవహారం మీద మాత్రం నాకు అభ్యంతరం ఉన్నది. నేను ఇక్కడ చిన్న వ్యాపారం నడుపుతూ కొద్దిమందికి జీతాలు ఇస్తున్నవాడిని. బంతి భోజనంలో అందరూ పిలిచిన చుట్టాలే. కొలువులో అలా కాదు, ఒక్కొక్కరు ఒక్కొక్క ఒప్పందం మీద వస్తారు. చేరిన రోజున జీతం ఎంతో తెలిసే ఆ అమ్మాయి ఒప్పుకున్నది కదా? బేరమాడినవాడికి ఎక్కువ దక్కితే అది వలపక్షం ఎలా అవుతుంది? చేసుకున్నవారికి చేసుకున్నంత అని పెద్దలు ఊరికే అనలేదు. తన విలువను అడిగి తెచ్చుకోవలసిన బాధ్యత ఎవరికి వారిదే.

స్పందన: బరంపురం నుంచి, జీతాల విభాగంలో పనిచేసి విరమించిన సభ్యురాలు

జయపురం అన్నగారి మాటలో కొంత నిజం ఉన్నది. అడగడం మన బాధ్యతే, ఈ చెల్లెమ్మ అడిగింది కూడా. అడిగినందుకు వచ్చిన జవాబు పద్యం అయినప్పుడు ఇక బాధ్యత ఎటు మారిందో అన్నగారే చెప్పాలి. పైగా, జీతం బేరమాడే మగవాడిని చురుకైనవాడని మెచ్చుకొని, అదే బేరం ఆడపిల్ల ఆడితే నోరెక్కువని గుసగుసలాడే గదుల్లో నేను చాలాకాలం కూర్చున్నాను.

ఒప్పుకున్నది కనుక సరి అన్న వాదాన్ని మన చట్టం ఏనాడో పక్కన పెట్టింది. స్త్రీపురుషులకు సమానమైన పనికి సమాన వేతనం ఉండాలని రాజ్యాంగం 39వ అధికరణం ఆదేశిక సూత్రంగా చెప్పింది. మాస్టారు చెప్పిన వెట్టిచాకిరీ చట్టం 1976 ఫిబ్రవరి 9 నాటిది. సరిగ్గా రెండు రోజుల తరువాత, ఫిబ్రవరి 11న, సమాన వేతన చట్టం వచ్చింది. ఇప్పుడు దాని స్థానంలో 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడ్ ఉన్నది. 1982లో రణధీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు సమాన పనికి సమాన వేతనం అన్న సూత్రాన్ని సమానత్వ హక్కుతో ముడిపెట్టింది గాని, అది ప్రభుత్వ ఉద్యోగి కేసు. ప్రైవేటు సంస్థలో ఇద్దరు మగవాళ్ళ మధ్య తేడా ఉంటే ఈ కోడ్ ఆదుకోదు. స్త్రీ అయినందువల్లనే తగ్గించారన్నప్పుడు ఆదుకుంటుంది.

పని తగ్గించుకోవచ్చునా అన్న ప్రశ్నకు కూడా ఈ కోడ్‌లోనే జవాబు దొరుకుతుంది. ఒకే పని అని తేల్చడానికి అది చూసేవి నాలుగు: నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత. ఆ అబ్బాయికి పని నేర్పినది మీరు కనుక నైపుణ్యంలో, అనుభవంలో మీది పైచేయి. జీతాల పట్టీ మీ చేతి మీదుగా పోతున్నది కనుక బాధ్యత మీది. రేపటి నుంచి మీరు చేయి ముడుచుకుంటే ఈ నాలుగింటిలో రెండిటిని మీ చేతులతో మీరే కొట్టివేసుకొని, ఆ మేనేజరు చేతికి సాకు అందించినట్లవుతుంది. నెలాఖరు పద్దు ముగియకపోతే ఆగిపోయేది కూలీల చెల్లింపు. ఆయన జీతం ఆగదు. అలాగని అబ్బాయి పని కూడా మీరే నెత్తిన వేసుకొని ఇంకా నేర్పుతూ కూర్చోవాలని నేను అనను. జీతం బత్తెం లేకుండా మేకలు కాస్తానన్న తోడేలును ఊరు అనుమానించింది. జీతం లేకుండా అదనపు పని చేసే ఉద్యోగిని మాత్రం ఊరు మెచ్చుకొని, మరో కట్ట కాగితాలు ముందు పెడుతుంది. నియామక పత్రంలో రాసిన పనిని ఒక్క అక్షరం తగ్గకుండా చేయండి. నేర్పే పనికి వేరే లెక్క ఉండాలని అర్జీలో రాయండి.

ఇంకొక సంగతి. తేడా సరిచేసే పేరుతో ఎక్కువ జీతం ఉన్నవారికి తగ్గించడాన్ని కోడ్ నిషేధించింది. మాస్టారి బంతి మాటలో చెప్పాలంటే, పక్క విస్తట్లో పడిన నెయ్యిని ఎత్తివేయకూడదు. కాబట్టి ఆ అబ్బాయికి నష్టం చేస్తున్నాననే బెంగ మీకు అక్కరలేదు. అతను కలిసివస్తే అర్జీకి తన నియామక పత్రం నకలు కూడా ఇవ్వవచ్చు.

రాయగడ నుంచి

మాస్టారికి, అక్కగారికి కృతజ్ఞతలు. ముందు సంస్థకు రాసి, జవాబు రాకపోతే జిల్లా శ్రమ అధికారి కార్యాలయానికి పోదామని అనుకుంటున్నాను. సంస్థకు ఇంగ్లీషులో రాస్తాను. కార్యాలయానికి ఒడియాలో రాసేటప్పుడు జీతానికి ఏ మాట వాడాలి? మజురి అనా, దరమా అనా? మేనేజరు గారికి పంపే నకలులో పద్యం మళ్ళీ చేర్చడం బాగుంటుందా?

బరంపురం నుంచి

మజురి అంటే కూలి. ‘సమాన కామకు సమాన మజురి’ అని ఊరేగింపుల్లో వినిపిస్తుంది గాని, మీది నెలకు ఇంత అని తీసుకొనేది కనుక దరమా అనే రాయండి. కింద రెండు నియామక పత్రాల తేదీలు, ఇద్దరూ చేస్తున్న పనుల పట్టిక, ఇద్దరి నెల జీతాలు మూడు వరుసల్లో పెట్టండి. పద్యం వద్దు.

పర్లాకిమిడి నుంచి

పద్యం వద్దన్నదానికి నేనూ ఒప్పుకుంటున్నాను. ఆయన మళ్ళీ నోటితో చదివితే మాత్రం, మిడిమేలపు అన్న మాటకు అర్థం ఏమిటండీ అని నలుగురూ ఉన్నప్పుడు వినయంగా అడగండి.