1881 నాటి పెళ్లిని వేషం కట్టి పాఠంగా చెప్పడం ఎలా?

ప్రశ్న:
గౌరవ సభ్యులకు నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధిస్తున్నాను. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం గారు జరిపించిన తొలి వితంతు వివాహం గురించి, ఆ కాలపు వేషంలో తరగతికి వెళ్లి పిల్లలకు చెప్పాలనుకుంటున్నాను. తలపాగా, పొడవు కోటు అద్దెకు దొరుకుతాయన్నారు. ఇది ఏకపాత్రాభినయంగా మిగిలిపోకుండా పాఠంగా నిలవాలంటే ఏం చేయాలో అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

జవాబు:
మేడమ్ గారూ, తలపాగా మానుకోమనే నా సలహా. పంతులు గారి వేషం కడితే ఆయన గొప్పతనాన్ని వల్లించడంతోనే పీరియడు అయిపోతుంది. ఆ పెళ్లి కారణంగా వచ్చిన వెలి ఆ ఇంటి వంటగదిని ఎలా తాకిందో చూపండి. వంటవాళ్లూ నీళ్లు మోసేవాళ్లూ రావడం మానేస్తే, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి నీళ్లు తెచ్చుకుని వంట చేశారు. అయితే మనం కల్పించిన మాటలను నిజంగా బతికిన మనిషి నోట పెట్టడం నాకు నచ్చదు కనుక, నేను ఇరుగింటి ఇల్లాలి వేషం కడతాను. వితంతు వివాహానికి 1856లోనే చట్టం వచ్చిందని తేదీతో చెబితే పిల్లలు రాసుకుని ఊరుకుంటారు గాని, “చట్టం వచ్చి పాతికేళ్లయిందిట, మా వీధికింకా రాలేదమ్మా” అని ఆవిడ చేత అనిపిస్తే తలెత్తి చూస్తారు.

వేషానికి ఖర్చేమీ లేదు. ముతక నేత చీర, కుంకుమ బొట్టు, ఇత్తడి బిందె చాలు. చేతి గడియారం, పిన్నులు, స్టిక్కరు బొట్టు తీసేయాలి. మాటల్లోనూ జాగ్రత్త అవసరం: గోదావరి మీద రైలు వంతెన 1900లో గాని రాలేదు కనుక, ఆ ఇల్లాలి నోట వంతెన ప్రస్తావన రాకూడదు. మొదటిసారి నేను ఖాళీ బిందె చంకనెత్తుకుని చులాగ్గా నడిచి వచ్చాను. ముందు బెంచీ పిల్ల “అందులో నీళ్లు లేవు టీచర్” అనేసింది. మరుసటి ఏడు సగం నింపి తెచ్చాను. ఆ బరువుకు నడుము వంగి, మాట ఆగి ఆగి వచ్చి, నేను నటించవలసిన అవసరమే తగ్గింది.

ప్రశ్న:
ధన్యవాదాలండి. కల్పించిన మాటలను కూడా పిల్లలు చరిత్ర అనుకుంటే ఏం చేయాలి? శిరోముండనం సంగతి వేషంలో చూపవచ్చా?

జవాబు:
శిరోముండనాన్ని వేషంలో చూపవద్దు. తరగతిలో ఒక్కరు నవ్వినా పాఠం చెడుతుంది, ఆ బాధ మాటల్లో చెబితేనే నిలుస్తుంది. ఇక కల్పన విషయానికి వస్తే, చివరి పదిహేను నిమిషాలు వేషం వదిలిపెట్టండి. నేను బిందె దించి, కళ్లజోడు పెట్టుకుని, మళ్లీ మీ టీచరునంటాను. ఇరుగింటి ఇల్లాలు చెప్పినవాటిలో ఏవి ఆధారమున్నవో, ఏవి నా ఊహలో పిల్లల చేతనే బోర్డు మీద రెండు వరుసలుగా రాయిస్తాను. వీరేశలింగం గారు తమ జీవితాన్ని స్వయంగా రాసుకున్నారు కనుక, అందులోంచి ఒక పేరా చదివించి పోల్చమంటే ఇంకా మంచిది.

బిందె దించేటప్పుడు కింద చుట్టకుదురు ఉండాలి. బల్ల మీద మాత్రం దించకండి. మా హాజరు పట్టీ అలాగే తడిసింది.