సదరం (వైకల్య శాతం సర్టిఫికెట్) రీవెరిఫికేషన్ నోటీసు వచ్చినవాళ్లు ఇక్కడ రాయండి, నాకు 62 శాతం కాస్తా 38 అయింది

కుట్టుమిషన్84
అందరికీ నమస్తే. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు, టైలరింగ్ చేస్తాను. రెండేళ్లప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. 2010లో సదరం క్యాంపులో 62 శాతం, పర్మనెంట్ అని రాసిచ్చారు. ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి బీరువాలో పెళ్లి ఫొటోల కింద పెట్టా, ఇంక దాంతో పనేముంది అనుకుని. మొన్న 2025 ఆగస్టులో గ్రామ సచివాలయం అమ్మాయి ఇంటికొచ్చి నోటీసు ఇచ్చి సంతకం పెట్టించుకుంది. మళ్ళీ చేసిన పరీక్షలో 38 వచ్చిందట, 40 లేదు కాబట్టి సెప్టెంబర్ నుంచి పింఛను లేదట.

పరీక్ష సంగతి చెప్తాను. పొద్దున ఆరింటికి బయల్దేరితే పదకొండున్నరకి పిలిచారు. డాక్టరు గారు ప్యాంటు పైకి లాగమన్నారు, పిక్క దగ్గర టేపు పెట్టి కొలిచారు, పాదం పైకెత్తమన్నారు, తర్వాత "నాలుగడుగులు వెయ్యి" అన్నారు. నేను మామూలుగా మోకాలి మీద చెయ్యి ఆనించి వంగి నడుస్తాను. కానీ గదిలో అంతమంది చూస్తుంటే చెయ్యి తీసేసి, గోడ వారగా, నిటారుగా నడిచాను. చిన్నప్పటి నుంచీ మా అమ్మ "నలుగురిలో ఉన్నప్పుడు చెయ్యి తీసి నడవరా" అని వెంటపడేది, అది ఒంట్లో ఉండిపోయింది. రెండు నిమిషాల్లో అయిపోయింది. ఇంటికొచ్చాక మా ఆవిడ "అదేం బుద్ధి, అక్కడే ఎందుకు అంత బాగా నడిచావు" అంది. ఇప్పుడు రాత్రి పడుకుంటే ఆ నాలుగడుగులే గుర్తొస్తున్నాయి.

6000 అంటే కొట్టు అద్దె, నడుంనొప్పి మందులు, పాప ట్యూషను. నాలాగా ఎవరికైనా వచ్చిందా, ఏం చేశారు?

ఒంటికన్ను
అన్నా, నాకూ వచ్చింది. నా పరిస్థితి ఇంకా అన్యాయం, ఎందుకంటే నాకు తప్పు కూడా పట్టడానికి లేదు. పదో ఏట గిల్లీదండ ఆడుతూ కుడి కన్ను పోయింది. పాత సర్టిఫికెట్లో 40 వేశారు. ఇప్పుడేమో కేంద్రం కొలతల ప్రకారం ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే 30 శాతమే అంటున్నారు, రూలు కూడా అలాగే ఉంది, నేను చదివించుకున్నా. మరి పదిహేనేళ్ల కింద 40 వేసిన డాక్టరు తప్పా, నా తప్పా? వెల్డింగ్ షాపులో పని ఇవ్వమంటే ఒంటికన్నువాడికి ఇవ్వం అంటారు, పింఛను దగ్గరకొస్తే ఇంకో కన్ను ఉందిగా అంటారు.

ఏలూరు అమ్మ
మా బాబుకి పంతొమ్మిదేళ్లు, బుద్ధిమాంద్యం. వాణ్ణి లోపలికి తీసుకెళ్తే ఒక మేడమ్ గారు పెన్ను చూపించి ఇదేం రంగు అని అడిగారు. నీలం అన్నాడండీ. వాడు రంగు పేరు సరిగ్గా చెప్పడం ఎప్పుడో గాని జరగదు. సంతోషం ఆపుకోలేక నా వైపు తిరిగి చప్పట్లు కొట్టాడు. నాకూ ఏడుపొచ్చేంత సంతోషం, వెంటనే గుండె దడ, అయ్యో ఇది రాసుకుంటారేమోనని. ఏ తల్లికైనా ఇలాంటి ఆలోచన రావాలా చెప్పండి. వాడికి స్నానం నేనే చేయించాలి, అన్నం నేనే కలిపి పెట్టాలి, గేటు తీసి ఉంటే రోడ్డు మీదికి వెళ్ళిపోతాడు. అది మాత్రం ఎవరూ అడగలేదు. ఇంకా నోటీసు రాలేదు. ఎవరు తలుపు కొట్టినా సచివాలయం వాళ్లేమో అనిపిస్తోంది.

నిజం నిష్ఠూరం
కోపం తెచ్చుకోకండి, ఒక మాట చెప్తా. మా ఊళ్లో బుల్లెట్ బండి మీద తిరుగుతూ ఫోన్‌లో గంటలు గంటలు మాట్లాడేవాడికి చెవుడు పింఛను వస్తోంది. ఊరందరికీ తెలుసు. సర్టిఫికెట్ ఎంతకి కొన్నాడో కూడా తెలుసు. ఇలాంటివాళ్లని తీసెయ్యొద్దా? పన్ను కట్టేవాళ్ల డబ్బే కదా అది.

కుట్టుమిషన్84
నిజం నిష్ఠూరం గారూ, తీసెయ్యండి, నేనే చప్పట్లు కొడతా. కానీ ఒక్కటి చెప్పండి. ఆ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టినవాడికీ, మధ్యలో డబ్బు తిన్న బ్రోకరుకీ నోటీసు వెళ్లిందా? బుల్లెట్ బండోడు కొన్నదీ ఆ కాగితమే, నాకు నిజంగా ఇచ్చిందీ ఆ కాగితమే. ఇప్పుడు రెండూ ఒకే కుప్పలో పోసి చెరుగుతున్నారు. గింజ పోయినా పర్లేదు పొట్టు పోతే చాలు అన్నట్టుంది.

కృష్ణా కరకట్ట
దొంగ సర్టిఫికెట్లు ఎందుకు పెరిగాయో కూడా ఆలోచించాలి. 500 ఇచ్చిన రోజుల్లో దీనికోసం ఎవడూ లంచం ఇచ్చేవాడు కాదు. 2024 జనవరిలో వృద్ధులకూ వికలాంగులకూ ఒకటే 3000 ఉండేది. అదే ఏడాది జులై నుంచి వృద్ధులకు 4000, మాకు 6000, మంచానికే పరిమితమైనవాళ్లకి 15000 అయింది. పెంచినందుకు ఈ ప్రభుత్వానికి నిజంగా దండం, మా ఇంట్లో ఆ డబ్బుతోనే బండి నడుస్తోంది. కానీ పెంచిన రోజు నుంచే ఏరివేత ఉంటుందని నాకు అనుమానం, ఎందుకంటే కేంద్రం ఇచ్చేది 80 శాతం పైన వైకల్యం ఉన్న పేదలకి నెలకి 300 మాత్రమే, మిగతా భారమంతా రాష్ట్రానిదే. ఖజానాలో లోటు వచ్చినప్పుడల్లా ఎవరి శాతం తగ్గిద్దామా అని చూస్తారు. నా అభిప్రాయం ఇది, తప్పైతే తిట్టండి.

కడప చిన్నోడు
మా అన్న బేల్దారి పని చేసేవాడు. నాలుగేళ్ల కింద సారవ మీద నుంచి పడి నడుం కింద స్పర్శ లేదు. 15000 పింఛను వస్తా ఉండింది. జనవరిలో డాక్టర్ల టీము ఇంటికే వచ్చినారు, మర్యాదగానే మాట్లాడినారు, వాళ్లనేం అనను. ఆ పొద్దు అన్నని వీల్‌చైర్లో కూర్చోబెట్టి వాకిట్లో ఎండకి పెట్టింటిమి. రోజూ అట్లే పెడతాం, లేకుంటే వీపు పుండ్లు పడుతుంది. కూర్చోగలుగుతున్నాడు, చేతులు ఆడతాండాయి అని రాసుకుని పోయినారు. ఇప్పుడు 6000కి మార్చినామని కాగితం. వీల్‌చైర్‌కే పరిమితమైనోళ్లకి కూడా 15000 అనే కదా అందరికీ చెప్పింది? యూరిన్ పైపు మార్చాలన్నా, డైపర్లన్నా, అమ్మ కూలికి పోకుండా ఇంట్లో ఉండాలన్నా ఆ డబ్బే. అన్న ఏమన్నాడో తెలుసా, "రేపటి నుంచి నన్ను ఎండకి పెట్టొద్దు, మంచంలోనే ఉంటా" అన్నాడు. ఆ మాటకి ఇంట్లో ఆరోజు ఎవరం అన్నం తినలేదు.

సచివాలయం సైలెంట్
పేరు, జిల్లా చెప్పలేను. వెల్ఫేర్ అసిస్టెంట్‌ని. రెండు వారాలుగా నోటీసులు పంచేది మేమే, తిట్లు తినేది మేమే. మా లాగిన్‌లోకి లిస్టు పై నుంచే వస్తుంది, అందులో పేరు తీయడం, పెట్టడం మా చేతిలో లేదు, దయచేసి నమ్మండి. ఒక పెద్దాయన నోటీసు తీసుకుని నాకే మజ్జిగ ఇచ్చి "ఎండలో తిరుగుతున్నావు తల్లీ" అన్నాడు, ఆరోజు తిట్టించుకున్నా బాగుండు అనిపించింది.

తెలిసినంత చెప్తాను. నోటీసులు ఒకే రకం కాదు. 40 శాతం లోపు వచ్చినవాళ్లకి పింఛను రద్దు అని. 40 లోపే ఉన్నా అరవై దాటినవాళ్లని వృద్ధాప్య పింఛనులోకి మార్చి 4000 ఇవ్వడం ఇంకో రకం. 15000 నుంచి 6000కి మార్చినవి మూడో రకం. మీది ఏదో ముందు సరిగ్గా చదివించుకోండి, చాలామంది మొదటి లైను చూసి ఏడుస్తూ కూర్చుంటున్నారు. పల్లెల్లో ఎంపీడీవో గారికి, టౌనులో మున్సిపల్ కమిషనర్ గారికి అప్పీల్ పెట్టుకోవచ్చు. అప్పీల్ పెట్టుకున్నవాళ్లకి ఒకటో తేదీ పింఛను ఆపొద్దని చెప్పారు. గడువు నోటీసులోనే ఉంటుంది, అది దాటనివ్వకండి.

ఏలూరు అమ్మ
తల్లీ, అప్పీల్‌కి ఏమేం పెట్టాలి?

సచివాలయం సైలెంట్
అక్కా, నోటీసు, పాత సదరం సర్టిఫికెట్, కొత్తది, ఆధార్. వీటితో పాటు పాత ఆస్పత్రి కాగితాలు ఏవున్నా పెట్టండి: ఆపరేషన్ సమ్మరీ, ఎక్స్‌రే, స్కూలు వాళ్లు రాసిచ్చింది, ఏదైనా. ఇచ్చాక రసీదు లేకుండా కదలొద్దు. స్టాంపు వేసిన జిరాక్సు మీ దగ్గర ఉండాలి. "పెట్టేశాంలే అమ్మా, వెళ్ళండి" అంటే వెళ్ళకండి.

పాలమూరు పోరడు
నేను తెలంగాణ. మాకు నోటీసుల లొల్లి లేదు గానీ పెంచుతరా లేదా అన్నదే బాధ. 2023 నుంచి 4016 ఇస్తున్నరు, ఎన్నికలప్పుడు 6000 అన్నరు, ఇంకా ఎదురుచూస్తనే ఉన్నం. మంద కృష్ణ మాదిగ సభలు పెడుతుండు, మా అన్నలు పోతున్నరు. మీ దిక్కు 6000 వస్తున్నయని మేం కుళ్లుకున్నం, ఇప్పుడు మీ కథలు సదువుతుంటే రేపు మాకు పెంచితే మాక్కూడా గిట్లనే కొలుస్తరేమో అని భయమైతుంది. ఇంకో మాట. 2016 వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌ల వికలాంగుల సాయం వేరేవాళ్లకిచ్చే అసుంటి పథకం కంటే 25 శాతం ఎక్కువ ఉండాలని రాసుంది. అది పట్టుకుని అడగాలె అందరం, దయ కాదు గదా ఇది.

విశాఖ బీచ్ రోడ్డు
పింఛను గురించే మాట్లాడుతున్నాం గానీ, 40 కిందికి పోతే ఒక్క పింఛనే పోదండి. ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ కూడా ఆ 40 మీదే ఆధారపడి ఉంది. మా చెల్లెలు డీఎస్సీకి పీహెచ్ కోటాలో రాసింది, వినికిడి సమస్య. ఎడమ చెవి మిషను లేకుండా అసలు వినపడదు, కుడిది కొంచెం. బెరా అనే వినికిడి పరీక్షకి వెళ్తే మొదటిసారి అక్కడి మిషను పనిచెయ్యట్లేదు, రెండోసారి డాక్టరు సెలవు, మూడోసారి చేశారు. వెళ్లిన ప్రతిసారీ ఆటోకి, తిండికి ఐదారు వందలు. ఇంకో తమాషా ఏంటంటే పేర్లు మైకులో పిలుస్తారు. చెవిటివాళ్ల క్యూలో మైకు!

ఒంటికన్ను
హహహ ఇది మాత్రం నిజం. మా కళ్ల క్యూలో నంబర్లు చిన్న అక్షరాలతో గోడకి అంటించారు.

నిజం నిష్ఠూరం
పైవన్నీ చదివాను. కడప తమ్ముడు రాసింది చదివాక నా మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నా. బుల్లెట్ బండోడి మీద మాత్రం కాదు. పోతే, మా ఊళ్లో ఆ బండోడికి నోటీసు రాలేదు, కనుక్కున్నాను. పక్కవీధిలో కర్రతో నడిచే ఆవిడకి వచ్చింది. ఆవిడకి అప్పీల్ నేను రాసి పెడతా.

కృష్ణా కరకట్ట
కుట్టుమిషన్ అన్నా, ఇంకో విషయం. వైకల్యం కొలిచే పద్ధతిని కేంద్రం 2018లో మార్చింది, మళ్ళీ 2024లో మార్చింది. మీ పాత 62 ఒక లెక్క, కొత్త 38 ఇంకో లెక్క అయ్యుండొచ్చు. కాబట్టి మొత్తం శాతం ఒక్కటే చూడకండి. కండరం బలానికి ఎంత, కాలు పొట్టికి ఎంత, కీలు కదలికకి ఎంత, ఏది ఎంత వేశారో విడివిడిగా ఇమ్మని అప్పీల్‌లో అడగండి. మా బావమరిదిది అలా అడిగిస్తే కాలు పొట్టిగా ఉన్న సంగతే లెక్కలో లేదు, అసలు కొలవనే లేదు.

కుట్టుమిషన్84
సెప్టెంబర్ 1 సాయంత్రం రాస్తున్నా. పొద్దున ఏడింటికే వచ్చింది ఆ అమ్మాయి. వేలిముద్ర పడలేదు, నా వేళ్లు సూదులు గుచ్చుకుని గరుగ్గా ఉంటాయి, ఎప్పుడూ ఇంతే. మూడోసారి పడింది. పన్నెండు ఐదొందల నోట్లు లెక్కపెట్టి ఇచ్చింది. ప్రతి నెలా లెక్కపెట్టుకోకుండా జేబులో పెట్టుకునేవాణ్ణి, ఈసారి ఆమె ముందే రెండుసార్లు లెక్కపెట్టా. తప్పుగా అనుకుందేమో పాపం.

అప్పీల్ పెట్టి రసీదు తీసుకున్నా, కరకట్ట అన్న చెప్పినట్టు కాలు పొట్టి సంగతి కూడా రాయించా. మళ్ళీ పరీక్షకి పిలుస్తారట, తేదీ చెప్పలేదు. ఒక డౌటు. నాకు ఐరన్ క్యాలిపర్ బూటు ఉంది, దూరం వెళ్ళేటప్పుడు వేసుకుంటా. అది వేసుకుని వెళ్తే బాగానే నడుస్తున్నాడు అంటారా, విప్పి వెళ్తే నాటకం అంటారా? ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి.

కడప చిన్నోడు
వేసుకునే పోన్నా. లోపల వాళ్లు విప్పమంటే విప్పు. నడవమంటే మోకాలి మీద చెయ్యి పెట్టే నడువు.